అమ్మ నీలం శాలువా

మార్చి 4

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. కవరు ఒక పక్కన చింపి మళ్ళీ అంటించి ఉంది. ఇప్పుడు ఉత్తరాలన్నీ ఎవరో కూర్చుని చదువుతున్నారట. ఆ చదివే మనిషికీ ఇల్లూ పిల్లలూ ఉంటారు కదా, వాళ్ళూ చల్లగా ఉండాలని అనుకుని ఈ కాగితం మొదలుపెట్టాను.

నీకు కోపం వచ్చే సంగతి ముందే చెప్పేస్తాను. అమ్మ నీలం శాలువా కత్తిరించాను.

చంటిని పటాలంలోకి తీసుకున్నారని రాశాను కదా. బయలుదేరే ముందు ఒక్క పూట ఇంటికి పంపారు. భోజనం పెట్టి, వాడి చొక్కా విప్పించి, లోపలివైపు గుండె దగ్గర ఒక జేబు వేశాను. పై జేబులో ఏం పెట్టినా వానకి తడిసిపోతోందని వాడే అన్నాడు. మెత్తని గుడ్డ కోసం పెట్టె తెరిస్తే శాలువా చేతికి తగిలింది. అమ్మ కప్పుకున్న గుడ్డ వాడి ఒంటిని అంటుకుని ఉంటే బాగుంటుందనిపించింది. చేత్తోనే కుట్టాను. అమ్మ మనకి నేర్పినట్టు చివర ముడి వెయ్యకుండా, దారాన్ని మడత కిందనుంచి వెనక్కి తెచ్చి వదిలేశాను. బిడ్డ ఒంటికి ముడి గుచ్చుకోకూడదని అమ్మ అనేది, గుర్తుందా? నా ఎడమచేతి కుట్టు చూసి చంటి నవ్వాడు. "అమ్మా, నీ కుట్లన్నీ గాలికి వాలిపోయినట్టుంటాయి" అన్నాడు.

నేనిప్పుడు బడిలో పనిచేస్తున్నాను. చదువు చెప్పడానికి కాదులే. పిల్లల్ని ఇళ్ళకి పంపేసి, బల్లలు తీసేసి, కుట్టుమిషన్లు వేశారు. సిపాయిల చొక్కాలు కుడుతున్నాం. నల్లబల్ల మీద ఎవరో సగం చేసి వదిలేసిన లెక్క ఒకటి అలాగే ఉంది, చెరపడానికి ఎవరికీ చెయ్యి రావడం లేదు. కత్తెర బాబాయి గుడ్డ కత్తిరిస్తాడు, నేను చేతులు అతుకుతాను, నా పక్కనావిడ గుండీలు కుడుతుంది. అందుకని ఆవిడకి గుండీలావిడ అని పేరు పడిపోయింది. పెదవుల మధ్య సూది పట్టుకుని కూడా మాట్లాడగలదు. "వదినా, మీరెలాగూ నోరు విప్పరు, మీ వంతు కూడా నేనే మాట్లాడేస్తున్నాను" అంటుంది. ఆవిడ కొడుకు బుల్లోడూ చంటీ ఒకే పటాలం.

మీ బావ తాళాల కొట్టు ఎప్పుడూ లేనంత బాగా నడుస్తోంది. ఊరు వదిలి పోయేవాళ్ళందరూ తాళాలు కొంటున్నారు. "లోపల చీపురు తప్ప ఏమీ మిగల్లేదు, అయినా పెద్ద తాళమే కావాలంటారు" అని ఆయన ఆశ్చర్యపోతున్నారు.

కోపం తగ్గాక రాయి. నీ కోసం రోజూ దీపం దగ్గర చెప్పుకుంటున్నాను.

నీ అక్క


మార్చి 17

అక్కా,

కోపం తగ్గలేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇక్కడ తీరిక దొరికిన పూట రాయకపోతే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలీదు.

అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఆ శాలువా అడుగుతున్నాను. "ఉండనీవే, నీకే ఇస్తాను" అంటూ పెట్టెలో పెట్టి తాళం వేశావు. అదీ బావ చేసిన తాళం. ఇప్పుడేమో జేబు చేశావు! నీ కొడుక్కి కాబట్టి ఊరుకుంటున్నాను. వేరే ఎవరికైనా ఇచ్చి ఉంటే ఈ జన్మలో నీతో మాట్లాడేదాన్ని కాదు. మిగిలిన ముక్కయినా నాకు పంపించు.

ఆసుపత్రి గురించి అడిగావు. ఇదివరకు ఇది రైలు డబ్బాలు బాగుచేసే షెడ్డు. ఎంత కడిగినా నేలకి నూనె జిడ్డు పోదు. పడుకున్నవాళ్ళు పైకి చూస్తే రేకులకి చిల్లులు, ఎండ పూట చుక్కల్లా కనిపిస్తాయి. మంచాలు చాలక తలుపులు పీకి ఇటుకల మీద వేశాం. ఒక మంచం మీద అవతలి పక్షం కుర్రాడు కూడా ఉన్నాడు. కాలు పోయింది. మొదట్లో వాడి వైపు ఎవరూ చూసేవాళ్ళు కాదు. మొన్న పక్క మంచం ఆయనకి వాడే నీళ్ళ గ్లాసు అందించాడు. ఆయన తీసుకోనా వద్దా అని కాసేపు చూసి, తీసుకున్నాడు. తరవాత గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాడు. ఎందుకు తీసుకున్నానా అని ఏడ్చాడో, ఇన్నాళ్ళూ ఎందుకు మాట్లాడలేదా అని ఏడ్చాడో నాకు తెలీదు.

చంటి ఈ వైపు వస్తే చూసుకుంటానని మాటిస్తున్నాను. కానీ అక్కా, నాకు వాడు పొట్టి లాగులోనే గుర్తు. బెల్లం ముక్క దాచుకుని చీమలు పట్టించుకుని ఏడ్చిన మొహమే కళ్ళలో ఉంది. ఇప్పుడు మీసాలొచ్చి ఉంటాయి. ఎదురుపడితే పోల్చుకోగలనా? నీ కుట్టును మాత్రం వెయ్యి చొక్కాల్లో ఉన్నా పోలుస్తాను.

శాలువా ముక్క మర్చిపోకు.

చెల్లి


మార్చి 30

చెల్లీ,

నువ్వు తిట్టినా నీ అక్షరాలు చూస్తే నాకు హాయిగా ఉంటుంది. మిగిలిన గుడ్డ భద్రంగా దాచాను. కొద్దిగానే మిగిలింది, తిట్టుకోకు. పార్సిళ్ళు తీసుకోవడం లేదన్నారు. తీసుకున్నప్పుడు పంపుతాను.

మొన్న ఊరి చివర గోదాము మీద బాంబు పడింది. బడి కిటికీల అద్దాలకి కాగితం ముక్కలు అంటించాం. వెలుతురు తగ్గి సూదిలో దారం ఎక్కడం లేదు. గుండీలావిడ మాత్రం చూడకుండానే ఎక్కిస్తుంది. నా సూదిలో కూడా ఆవిడే ఎక్కించి ఇస్తోంది. "నాకు వచ్చిన విద్య ఇదొక్కటే వదినా. ఒక చొక్కా మొత్తం కుట్టమంటే సిపాయి చెయ్యి దూర్చాల్సిన చోట తల దూరుస్తాడు" అంటుంది. అందరం నవ్వాం. చాలా రోజులకి ఆ గదిలో నవ్వు వినిపించింది.

నువ్వు రాసిన అవతలి పక్షం కుర్రాడి సంగతి మీ బావకి చదివి వినిపించాను. "వాళ్ళ ఊళ్ళోనూ ఒక బడి ఖాళీ చేసి మిషన్లు వేసే ఉంటారు" అన్నారాయన. ఆ మాట దగ్గర్నుంచీ చేతులు అతుకుతుంటే, అక్కడ నాలాగే అతుకుతున్న ఇంకొకావిడ గుర్తొస్తోంది. ఎవరి మొర వినాలో తేల్చుకోవడం దేవుడికి ఎంత కష్టమో కదా.

చంటి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. నది పక్కకి చేరారట. వంతెన కాపలా అట. తనూ బుల్లోడూ ఒకే దుప్పటి కింద పడుకుంటున్నారట, వాడు గురక పెడతాడట. గుండీలావిడకి చదవడం రాదు, నేనే చదివిపెట్టాను. "మా వాడికి గురకా? అంతా అబద్ధం" అని చంటి మీద కోపం తెచ్చుకుంది. సాయంత్రం దాకా ముభావంగా ఉంది. వెళ్ళేటప్పుడు మాత్రం, "ఆ గురక ముక్క ఇంకోసారి చదవండి" అంది.

నువ్వు వేళకి తిను.

అక్క


ఏప్రిల్ 21

అక్కా,

ఈ ఉత్తరం బావ చేతికి ముందు అందితే బాగుండునని ఉంది. బావా, నువ్వే చదువుతుంటే అక్కని కూర్చోబెట్టి చెప్పు.

వంతెన పేలిపోయింది. మీకీపాటికి తెలిసే ఉంటుంది. గాయపడ్డవాళ్ళని రెండు లారీల్లో మా దగ్గరికి తెచ్చారు. అందులో ఒకడికి మొహమంతా కాలిపోయింది. మెడలో పేరు బిళ్ళ లేదు. చొక్కా చేతులు కత్తిరించి తీస్తుంటే లోపలివైపు నీలం గుడ్డ కనిపించింది. అక్కా, అది అమ్మ శాలువా. ఎడమచేతి కుట్టు. చివర ముడి లేదు. వేలితో తడిమి చూశాను. 

పెద్ద డాక్టరు వచ్చి, "నిశ్చయంగా నీ అక్క కొడుకేనా? బాగా చూసుకో అమ్మా" అన్నాడు. "మా అక్క కుట్టు నాకు తెలీదా!" అని ఆయన మీద అరిచాను. ఎప్పుడూ అరవలేదు. ఆయన తల దించుకుని వెళ్ళిపోయాడు.

రెండు రోజులు నా చేతుల్లో ఉన్నాడు. నేనొక్కదాన్నే చూసుకున్నాను, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మాట రాలేదు. వినపడేది మాత్రం నిజం. "చంటీ, నేను పిన్నినిరా" అంటే తల అటూ ఇటూ తిప్పాడు. నొప్పి ఎక్కువైందనుకుని మందు ఇప్పించాను. మళ్ళీ పిలిస్తే మళ్ళీ తిప్పాడు. ఇక పేరు పెట్టి పిలవడం మానేసి కబుర్లు చెప్పాను. "మీ అమ్మ బడిలో కిటికీ పక్కన కూర్చుని చొక్కాలు కుడుతోందిరా, సగం లెక్క ఉన్న నల్లబల్ల ఉందట అక్కడ" అంటే కదలకుండా విన్నాడు. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. వాడి చొక్కా మడిచి పక్కన పెట్టాను కదా, దాన్ని దగ్గరికి లాక్కుని గుండీ మీద వేలు పెట్టుకుని పడుకున్నాడు. చలేస్తోందేమో, తొడుక్కుంటానంటున్నాడేమో అనుకుని చొక్కా మీద కప్పి గుండీలు పెట్టాను. అయినా వేలు తియ్యలేదు. గుండీ మీదే వేలు ఉంచుకుని, రెండో రోజు తెల్లవారి వెళ్ళిపోయాడు. బాధపడలేదక్కా. నిజంగా చెబుతున్నాను.

ఒంటికి నీళ్ళు నేనే పోశాను. షెడ్డు వెనక, పాత పట్టాల పక్కన పడుకోబెట్టాం. చెక్క పలక మీద వాడి పేరు నేనే తారుతో రాశాను. జేబు గుడ్డ తియ్యలేదు. వాడితోనే ఉంది. శాలువా కోసం నేను నీకు రాసిన మాటలన్నీ వెనక్కి తీసుకోగలిగితే ఎంత బాగుండు.

చూసుకుంటానని మాటిచ్చాను. అంతే చూసుకోగలిగాను.

నీ చెల్లి


మే 8

చెల్లీ,

ఉత్తరం మీ బావ చేతికే అందింది. కూర్చోబెట్టి చెప్పలేకపోయారు. తలుపు దగ్గర నిలబడి గొళ్ళెం వేస్తూ తీస్తూ ఉన్నారు. ఆ చప్పుడుకే నాకు అర్థమైంది.

నువ్వు దగ్గర ఉన్నావు. అది చాలు. ఎవరూ లేని చోట పోయినవాళ్ళ తల్లులు ఎంతమందో. నా బిడ్డకి మన ఇంటి చెయ్యి దొరికింది. దేవుడు ఆ మాత్రం దయ చూపించాడని చెప్పుకుంటున్నాను. చెప్పుకుంటున్నాను కానీ దీపం ముందు కూర్చుంటే నోట ఒక్క మాటా రావడం లేదు. వంతెన కబురు వచ్చిన రోజు ఒకే మాట పట్టుకుని అడిగాను, నా చంటి కాకుండా చూడు స్వామీ అని. వినలేదు.

గుండీలావిడ లేకపోతే నేనేమైపోయేదాన్నో. రోజూ పొద్దున్నే వచ్చి తల దువ్వి, ఒక ముద్ద తినిపించి, చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్తోంది. నీ ఉత్తరం చదివి వినిపించమంది. చదవలేకపోతే కత్తెర బాబాయి చదివాడు. ఆవిడ నాకంటే ఎక్కువ ఏడ్చింది. ఎప్పుడూ మాట్లాడే మనిషి, ఇప్పుడు నా కోసం మాట్లాడటం మానేసింది. ఆ గదిలో అది అందరికీ భయంగా ఉంది.

ఆవిడ బుల్లోడి కబురు ఇంకా ఏమీ లేదు. నా ముందు ఆ మాట ఎత్తదు. మొన్న మాత్రం నోరు జారి, "మా వాడికీ మీ చేతి జేబు ఉంది కదా వదినా, క్షేమంగానే ఉంటాడు" అంది. వెంటనే నాలిక కరుచుకుని, నా కాళ్ళు పట్టుకోబోయింది. నాకేమీ కోపం రాలేదు. ఆ జేబు నా వాణ్ని కాపాడలేదు, వాడినైనా కాపాడనీ అనుకున్నాను.

నీ దగ్గర ఇన్నాళ్ళూ దాచిన సంగతి ఇదే. ఇప్పుడు దాచి ఏం లాభం? చంటి ఇంటికొచ్చిన ఆ పూట ఆవిడ కూడా కొడుకు చొక్కా పట్టుకుని వచ్చింది. "మా వాడికీ ఒకటి వెయ్యండి వదినా, నాకు గుండీలు తప్ప రావు" అని బతిమాలింది. కాదనలేక శాలువాలో ఇంకో ముక్క కత్తిరించి వేశాను. బయటివాళ్ళకి ఇచ్చానని తెలిస్తే నువ్వు బాధపడతావని రాయలేదు. ఒక్కోసారి అనిపిస్తుంది, అమ్మ గుడ్డను రెండు ముక్కలు చేశాను కాబట్టే దాని బలం సగం అయిపోయిందేమోనని. పిచ్చి ఆలోచన. క్షమించు.

నీ అక్క


మే 18

అక్కా,

శాలువా గురించి నాకే కోపమూ లేదు. ఇంకెప్పుడూ ఆ మాట అనుకోకు.

ఒక్కటి అడుగుతాను. ఎందుకని అడగకుండా జవాబు రాయి. చంటి కాళ్ళ మీద, చేతుల మీద, ఎక్కడైనా చిన్నప్పటి మచ్చ ఏదైనా ఉందా? నేను ఊరు వదిలాక తగిలింది అయినా సరే.

గుండీలావిడకి ఏమీ చెప్పకు. ఈ ఉత్తరం వచ్చిందని కూడా చెప్పకు.

వెంటనే రాయి.

చెల్లి


మే 27

చెల్లీ,

నీ ఉత్తరం బడికే తెచ్చి ఇచ్చారు. చదివాను. మళ్ళీ చదివాను. చెల్లీ, నేను నవ్వాను. గదిలో అందరూ ఉన్నారు, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వాను. గుండీలావిడ నేను ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరింది.

ఉంది. ఎడమ కాలి పిక్క మీద. బడికి వెళ్ళడం మొదలుపెట్టిన ఏడు, నేను బట్టలు ఇస్త్రీ చేస్తుంటే మీదికి పరిగెత్తుకొచ్చి ఇస్త్రీపెట్టెకి గుద్దుకున్నాడు. పెట్టె ముక్కు ఆకారంలో మచ్చ పడింది. ఎంత పెద్దవాడైనా పోలేదు. ఒంటికి నీళ్ళు పోసినవాళ్ళకి కనిపించకుండా ఉండే మచ్చ కాదు అది.

ఇక నువ్వేం రాస్తావో నాకు తెలుసనిపిస్తోంది. తెలియదని కూడా అనిపిస్తోంది. మీ బావకి చెప్పాను. ఆయన ఆ పూటనుంచి వీధి తలుపుకి గొళ్ళెం పెట్టడం మానేశారు. ఊరందరికీ తాళాలు చేసిపెట్టే మనిషి, మా తలుపు తీసిపెట్టి పడుకుంటున్నారు.

కానీ చెల్లీ, పొద్దున ఆవిడ వచ్చి తల దువ్వుతుంటే నా ప్రాణం గిలగిల కొట్టుకుంటోంది. "ఇవాళ మీ మొహం కాస్త తేటగా ఉంది వదినా" అంది. సంతోషపడింది. ఆ దువ్వెన లాక్కుని ఆవిడ తల నేను దువ్వాలి కదా! ఏమని చెప్పి లాక్కోను?

దేవుడు వినలేదని రాశాను. విన్నాడు. నా చంటి కాకుండా చూడమన్నాను. అంతే అడిగాను. మరి ఎవరని అడిగే ఆలోచనే నాకు రాలేదు. పక్కనే కూర్చుని ఉంది, ఆవిడ గురించి ఒక్క మాట కలిపితే నా నోరు అరిగేదా?

త్వరగా రాయి. రాయకపోయినా బాగుండు.

అక్క


జూన్ 5

అక్కా,

కాళ్ళు నేనే కడిగాను. రెండు కాళ్ళకీ గాయం లేదు, మచ్చ లేదు. ఎడమ పిక్క నున్నగా ఉంది. ఈ మాట నేను ఏ ఒట్టు పెట్టి చెప్పమన్నా చెబుతాను.

చంటి ఎక్కడున్నాడో నాకు తెలీదు. నది అవతల చాలామందిని పట్టుకుపోయారని అంటున్నారు. ఆశ పెట్టుకో అని చెప్పే ధైర్యం కూడా నాకు లేదు. ఒకసారి చెప్పి చూశాను కదా నిశ్చయంగా.

ఆ డాక్టరు బాగా చూసుకోమన్నాడు. నేను నీ కుట్టు ఒక్కటే చూశానక్కా. ప్రతి చొక్కాలోనూ ఇంకో చెయ్యి ఉంటుందని, గుండీలు కుట్టిన చెయ్యి ఉంటుందని తట్టలేదు. నువ్వు ఎన్నిసార్లు రాశావు ఆవిడ గురించి! బుల్లోడు గుండీ మీద వేలు పెట్టి చూపిస్తూనే ఉన్నాడు. నేను చలేస్తోందనుకున్నాను. వాడు కాదు కాదని తల తిప్పుతుంటే నేను మందు ఇప్పించాను. పోయేదాకా వాణ్ని ఇంకొకరి పేరుతోనే ఉంచాను.

రైళ్ళు లేవు, లేకపోతే నేనే వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పేదాన్ని. నీ మీద వేస్తున్నాను. చెప్పకుండా ఉండొద్దు. పలక మీద పేరు మార్చాలి. వాడి పూర్తి పేరు ఆవిడనే అడుగు.

చెల్లి


జూన్ 15

చెల్లీ,

చెప్పాను.

నాలుగు రోజులు చెప్పలేకపోయాను. ఐదో రోజు ఆవిడే అడిగింది. "వదినా, నేను మీకేదైనా తప్పు చేశానా? దువ్వెన పట్టుకుంటే వెనక్కి జరుగుతున్నారు" అంది. బడి వదిలాక అందరూ వెళ్ళేదాకా ఆగి, నల్లబల్ల కింద నేల మీద కూర్చోబెట్టి చెప్పాను. ఎలా చెప్పానో గుర్తు లేదు. ఇస్త్రీపెట్టె మచ్చ గురించి రెండుసార్లు చెప్పినట్టున్నాను.

అరుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆవిడ చాలాసేపు తన చేతులు చూసుకుంది. తరవాత, "అయితే ఇన్నాళ్ళూ నేను నా బిడ్డ కోసమే ఏడ్చానన్నమాట. మీ పక్కన కూర్చుని ఏడ్చాను, అంతే తేడా" అంది.

తరవాత నీ ఏప్రిల్ ఉత్తరం తెమ్మంది. ఇంటికెళ్ళి తెచ్చాను. "మళ్ళీ చదవండి. ఈసారి నా వాడిదని చదవండి" అంది.

చదివాను. చంటీ అని నువ్వు పిలిచిన చోట ఆగిపోయాను. "అలాగే చదవండి, మార్చకండి" అంది. తల తిప్పాడన్న చోట, "చూశారా, వాడు కాదన్నాడు. అంత నొప్పిలోనూ అబద్ధం ఆడలేదు మా వాడు" అంది. కిటికీ, నల్లబల్ల అని నువ్వు చెప్పిన చోట చిన్నగా నవ్వింది. వాడు ఒకసారి బడికి వచ్చి ఆవిడ పక్కన కూర్చుని ఆ లెక్క పూర్తి చేస్తానంటే, ముట్టుకోవద్దని కసిరిందట. గుండీ దగ్గరికి వచ్చేసరికి నా చేతిలోంచి కాగితం తీసుకుంది. చదవడం రాదు కదా, ఆ వరస ఎక్కడుందో చూపించమంది. చూపించాను. దాని మీద వేలు పెట్టుకుని కూర్చుంది.

వెళ్ళేటప్పుడు నీకొక మాట రాయమంది. "మీ చెల్లెలు వాడికి చొక్కా గుండీలు పెట్టింది కదా. నేను దగ్గరున్నా అదే చేసేదాన్ని. అంతకంటే నాకేమీ రాదు" అంది.

పూర్తి పేరు వేరే కాగితం మీద రాసి పెట్టాను. ఆవిడ పనికి రావడం లేదు. ఆవిడ బల్ల మీద గుండీల డబ్బా మూత వేసి ఉంది.

అక్క


జూన్ 26

అక్కా,

పలక కొత్తది చేయించాను. పాతది చెరిపి రాస్తే కింద చంటి పేరు కనిపిస్తోంది, అలా వద్దనిపించింది. కాలు లేని అవతలి పక్షం కుర్రాడు కర్ర చెక్కడం వచ్చన్నాడు. వాడే చెక్కాడు. తారు కాదు, అక్షరాలు చెక్కలోకి దిగేలా చెక్కాడు, వానకి పోవు. ఎవరిదని అడిగితే చెప్పాను. "ముందు ఎవరనుకున్నారు?" అన్నాడు. అదీ చెప్పాను. 

ఆవిడ పంపిన మాట చదివాను. దానికి జవాబు రాయడం నాకు చేతకాదక్కా.

చెల్లి


జూలై 11

చెల్లీ,

చంటి బతికే ఉన్నాడు. కార్డు వచ్చింది. ఖైదీల శిబిరంలో ఉన్నాడట, చెయ్యి విరిగి అతుక్కుందట. వాడి అక్షరాలే. మీ బావ కార్డును రెండు చేతులతో పట్టుకుని వీధిలో నిలబడిపోయారు.

అది జాకెట్లో పెట్టుకుని బడికి వెళ్ళాను. అంతకు ముందు వారమే గుండీలావిడ పనికి తిరిగి వచ్చింది. మునుపటిలా మాట్లాడటం లేదు కానీ నా సూదిలో దారం ఎక్కించి ఇస్తోంది. ఎలా చెప్పను? పొద్దుననుంచీ తల వంచుకుని చేతులు అతుకుతూ కూర్చున్నాను. ఒక చెయ్యి తిరగేసి అతికాను. ఆవిడ దాన్ని నా ముందు పెట్టి, "వచ్చిందా?" అంది. నా చెయ్యి జాకెట్టు మీదికి పోయింది. "దాచుకోకండి వదినా. నా వాడిది నాకు చదివిపెట్టారు. మీ వాడిది కూడా చదవండి, వింటాను" అంది.

చదివాను. చివర రెండు వరసలు మిగిలాయనగా ఆపేసి కార్డు మడిచాను. ఆవిడ మడత వైపు చూసింది.

"మా వాడి గురించి అడిగాడా?"

అడిగాడు చెల్లీ. వంతెన దగ్గర చీకట్లో విడిపోయామని, బుల్లోడు ఇల్లు చేరాడా అని, వాడి దుప్పటి తన దగ్గరే ఉండిపోయిందని, వాళ్ళమ్మకి చెప్పమని రాశాడు. అబద్ధం చెప్పాలనే అనుకున్నాను. దేవుడు క్షమించడా ఆ ఒక్కటి అనుకున్నాను. నోరు రాలేదు. అవునని తల ఊపాను.

"అడగనివ్వండి," అంది. "ఒక్కడైనా అడుగుతుండాలి కదా."

తరవాత నేను తిరగేసి అతికిన చెయ్యి కుట్లు విప్పి నాకిచ్చి, తన చొక్కా తీసుకుని గుండీ కుట్టడం మొదలుపెట్టింది.

చంటికి నేనింకా జవాబు రాయలేదు. కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే మొదటి మాట దగ్గరే ఆగిపోతున్నాను. నువ్వే చెప్పు, ఏమని రాయను?

శాలువాలో మిగిలిన ముక్క నీకు పంపడం లేదు. ఆవిడకి ఇచ్చేశాను. నువ్వేమీ అనవని తెలుసు.

అక్క